ఊపిరితిత్తుల క్యాన్సరునకు రోబోటు శస్త్రచికిత్స: చిరకాలఫలితములు

(వార్షికమహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలలో విద్యను గుఱించియో, సంఘసంస్కరణమును గుఱించియో ప్రసంగించుట మావంటివారికి వాడుక. ఈ యేఁడు కార్యనిర్వాహకవర్గమువారు ఊపిరితిత్తుల క్యాన్సరునకు రోబోటు యంత్రముతో చేయు శస్త్రచికిత్సను గుఱించియు, దాని చిరకాలఫలితములను గుఱించియు మాటాడుఁడని మమ్ము కోరిరి. మేము వైద్యులము కాము. సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవారము. ఐనను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనఫలితములను చదివి, వానిలో తేలినదానిని తేలినంతవఱకే మనవి చేయుట మా యుద్దేశము.

వారట్లు కోరుటకు కారణము గలదు. ఒక యింటిలో ఈ వ్యాధి బయటపడఁగానే ఆ యింటివారు అడుగు మొదటి ప్రశ్న యిది: "రోబోటుతో చేయించినచో మనిషి దక్కునా? పొలము అమ్మియైనను దానినే చేయింపవలెనా?" సంఘ వైద్యసహాయనిధిని నిర్వహించువారికిని ఇదే ప్రశ్న. దీనికి భయముచేత ఉత్తరమీయరాదు, ప్రకటనలు చూచి ఉత్తరమీయరాదు. లెక్క చూచి యీయవలెను. ఆ లెక్కయే మా నేఁటి ప్రసంగవిషయము.

మొదట రోబోటనఁగా నేమో తెలిసికొందము. అది తనంతఁదాను కోయునది కాదు. శస్త్రవైద్యుఁడు రోగికి కొంత యెడముగా నొక పీఠముకడ కూర్చుండును. దర్శనయంత్రములో రోగి ఱొమ్ములోపలి భాగము సుమారు పదింతలు పెద్దదియై, లోతుతో సహా కానవచ్చును. దానిని చూచుచు వైద్యుఁడు వ్రేళ్ళతో మీటలను కదల్చును. ఆ కదలికలను రోగికడనున్న యంత్రపుచేతులు అనుకరించును. ప్రక్కటెముకల సందులలో చేసిన నాలుగైదు చిన్న రంధ్రములగుండ సన్నని పనిముట్లు లోనికి పోవును. వాని కొనలు మన మణికట్టువలె అన్నివైపులకును తిరుగును. వైద్యుని చేతివణఁకు లోనికి పోకుండ యంత్రము వడగట్టును. ఈ జాతియంత్రములలో ప్రసిద్ధమైన డావిన్సీ యనుదానికి అమెరికాదేశపు ఆహారౌషధ నియంత్రణశాఖ 2000 సంవత్సరమున అనుమతి యొసఁగెను.

సుశ్రుతసంహిత చదివినవారికి ఇచ్చట ఒక విషయము స్ఫురింపకపోదు. ఆచార్యుఁడు యంత్రములు 101 అని లెక్కించి, వానిలో హస్తమే ప్రధానమైన యంత్రమనియెను. తక్కిన యంత్రములన్నియు హస్తమునకు అధీనములగుటయే దానికి హేతువు. శిష్యుఁడు రోగిపై చేయి వేయుటకు పూర్వము గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై కోఁతలు అభ్యసింపవలెననియు విధించెను. నేఁటి వైద్యులును రోబోటును రోగిపై వాడుటకు పూర్వము అనుకరణయంత్రములమీఁద సాధన చేయుదురు. యంత్రము మాఱినది, హస్తము ప్రధానమను న్యాయము మాఱలేదు. ఈ న్యాయముతో మనకు మఱల పని కలదు.

ఇఁక చికిత్స సంగతి. మన ఊపిరితిత్తులు రెండింటిలో కుడిదానికి మూఁడు ఖండములు, ఎడమదానికి రెండు. వ్యాధి యొక ఖండమునకు పరిమితమై యున్నప్పుడు ఆ ఖండమును, దానికి చేరువనున్న లసికాగ్రంథులను, అనఁగా మనము బిళ్ళలు అనువానిని, తీసివేయుట చిరకాలముగా నున్న పద్ధతి. 1933 ఏప్రిలు 5వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణమున ఎవర్ట్స్ గ్రహామను శస్త్రవైద్యుఁడు ఈ వ్యాధి సోఁకిన యొక ప్రసూతివైద్యునికి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా ఒక్కమాఱే తీసివేసెను. ఆ రోగి అటుపిమ్మట సుమారు మూఁడు దశాబ్దములు జీవించెను. గ్రహామో, 1950లో ఎర్నెస్ట్ విండర్ అనువానితో కలిసి పొగత్రావుటకును ఈ వ్యాధికిని గల సంబంధమును లోకమునకు చాటినవాఁడై యుండియు, తాను చిరకాలము పొగత్రావి, కడపట మానివేసి, 1957లో ఈ వ్యాధిచేతనే మృతినొందెను. రోగి వైద్యునికంటె ఎక్కువకాలము బ్రతికెను. శస్త్రము చేయఁగల మేలును, పొగాకు చేయఁగల కీడును ఈ యొక్క కథలోనే చూడవచ్చును.

ఆనాఁడు ప్రక్కటెముకలను ఎడముచేసి ఱొమ్ము తెఱచుట యొక్కటే మార్గము. 1990 తరువాతి దశాబ్దమున చిన్నరంధ్రముగుండ కెమేరాను పంపి, తెరపై చూచుచు పొడవైన పనిముట్లతో ఖండమును తీయు మార్గము వ్యాపించెను. 2000 తరువాత రోబోటు మార్గము వచ్చెను. ఇటలీదేశమందలి పీసా పట్టణపు వైద్యులు దీనిని తొలినాళ్ళలో ఆరంభించినవారిలో ముఖ్యులు. కావున నేఁడు మార్గములు మూఁడు: ఱొమ్ము తెఱచి చేయునది, కెమేరాతో చేయునది, రోబోటుతో చేయునది. మూఁటిలోను తీయఁబడునది ఆ ఖండమే. భేదమంతయు లోనికి పోవు ద్వారమందును, పని చేయు తీరునందును గలదు.

ఈ భేదము రోగి యాయుర్దాయమును మార్చునా యనునదే మన ప్రశ్న. రోగి ఐదాఱు దినములలో ఇల్లు చేరుట స్వల్పకాలఫలితము. ఐదేండ్లు గడచినపిమ్మట వ్యాధి తిరుగఁబెట్టక యింట నుండుట చిరకాలఫలితము. ఈ వ్యాధి మఱల తలయెత్తుట తఱుచుగా మొదటి రెండు మూఁడేండ్లలోనే జరుగును. అందుచేత ఐదేండ్లు దాఁటిన రోగికి వైద్యులు కొంత యభయమిత్తురు. ఆసుపత్రుల ప్రకటనలలో మొదటి ఫలితమే పెద్ద యక్షరములతో కానవచ్చును. కుటుంబమునకు కావలసినది రెండవది.

2012లో న్యూయార్కు, మిలాను, పీసా నగరములందలి మూఁడు వైద్యాలయములవారు కలిసి రోబోటుతో ఖండము తీసిన 325 మంది రోగుల ఫలితములను ప్రకటించిరి. ఐదేండ్లు జీవించువారు మొత్తముమీఁద నూటికి 80 మందియని లెక్క తేలెను. ఐతే దశలవారీగా చూచినచో, ఒకటవ దశలోని తొలిభాగమున నూటికి 91, మలిభాగమున 88, రెండవ దశయందు 49. యంత్ర మొక్కటే, చికిత్స యొక్కటే, దశ మాఱఁగానే ఫలితము సగమునకు దిగినది.

2018లో మఱియొక పెద్ద లెక్క వెలువడినది. నాలుగు వైద్యసంస్థలలో రోబోటుతో చికిత్స పొందిన 1,339 మందికి సంబంధించిన దది. ఒకటవ దశ తొలిభాగమున నూటికి 83 మంది, మలిభాగమున 77 మంది, రెండవ దశలోని రెండు భాగములలో వరుసగా 68, 70 మంది, మూఁడవ దశ తొలిభాగమున 62 మంది ఐదేండ్లు జీవించుదురని యందు తేలినది. ఆయుర్వేదాచార్యులు రోగములను సాధ్యములు, కృచ్ఛ్రసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించిరి. నేఁటి దశావిభాగము వేఱు ప్రాతిపదికపై నేర్పడినదే యైనను దాని ప్రయోజనము అట్టిదే: వైద్యుఁడు చేయి వేయుటకు పూర్వమే తన చేతికి ఎంతవఱకు సాధ్యమో తెలుపుట.

ఈ యంకెలు వినుటకు ఇంపుగా నున్నవి. కాని వీనిని స్వీకరించుటకు పూర్వము రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది: 2012 నాఁటి లెక్కలోని రోగులను చికిత్సానంతరము గమనించిన కాలము నడిమి లెక్కన 27 నెలలు మాత్రమే. అనఁగా పలువురు అప్పటికి ఐదేండ్లు పూర్తిచేసినవారు కారు. అట్టివారి విషయమున గడచిన కాలమును బట్టి గణితశాస్త్రరీతిని అంచనా కట్టుదురు. అది దోషము కాదు, అంగీకృతమైన పద్ధతియే. ఐనను అంచనాకును కన్నులార చూచినదానికిని భేదము కలదని మఱవరాదు.

రెండవది బడిపంతుళ్ళు బాగుగా నెఱిఁగినది. ఒక పాఠశాల తెలివిగల పిల్లలనే యేఱి చేర్చుకొని, నూటికి 95 మంది ఉత్తీర్ణులైరని చాటుకొనును. మఱియొక పాఠశాల వచ్చినవారినెల్ల చేర్చుకొని 70 మందిని గట్టెక్కించును. ఏ పాఠశాల మేలైనది? పిల్లలు సమానులైనప్పుడే పాఠశాలలను పోల్చవలెను. రోబోటు చికిత్సకు తఱుచు ఎన్నుకొనఁబడినవారు తొలిదశలలో నున్నవారు, దృఢగాత్రులు. వారు చిరకాలము జీవించుట యంత్రముయొక్క మహిమయో, వారి దశయొక్క మహిమయో సమానులతో పోల్చి చూడక చెప్పరాదు.

అట్లు పోల్చి చూచినవారును గలరు. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యాలయమువారు ఒకటవ దశలో చికిత్స పొందిన 470 మందిని వయస్సు, వ్యాధిలక్షణములు మొదలగువానిలో వీలైనంత సమానులుగా నేర్పఱచి, ఫలితములను 2017లో ప్రకటించిరి. రోబోటుతో చేయించుకొన్నవారు 172 మంది, కెమేరామార్గమున 141 మంది, ఱొమ్ము తెఱచి చేయించుకొన్నవారు 157 మంది. ఐదేండ్లు జీవించినవారు వరుసగా నూటికి 77.6, 73.5, 77.9. గణితదృష్టితో చూడఁగా ఈ మూఁటికిని చెప్పఁదగిన భేదము లేదు. చైనాదేశమున షాంగైనగరమందు 320 మంది రోగులను, చీటి వేసినట్లు, ఇష్టానిష్టములతో నిమిత్తము లేకుండ రోబోటు వర్గము, కెమేరా వర్గము అని విభజించి పరిశీలించిరి. ఇట్టి విభజనయే పక్షపాతరహితమైన పరీక్ష. మూఁడేండ్ల ఫలితములలో రోబోటు కెమేరాకు తీసిపోలేదని తేలినది. రోబోటువర్గమున లసికాగ్రంథులు కొంచె మెక్కువగా తీయఁబడినవి; వ్యయమును ఎక్కువైనది.

కావున తేలిన సారాంశ మిది: అనుభవజ్ఞుని చేతిలో రోబోటు మార్గము తక్కిన రెండు మార్గములతో సమానమైన ఆయుర్దాయము నిచ్చుచున్నది, వానికంటె అధికమైన ఆయుర్దాయము నిచ్చునని ఋజువు కాలేదు.

సమానమే గదా, ఇంత శంక యేల యని కొంద ఱనవచ్చును. శంకకు కారణము గలదు. గర్భాశయకంఠమునకు వచ్చు క్యాన్సరు విషయమున చిన్నరంధ్రములద్వారా చేయు చికిత్స సుఖమైనదనియు, తెఱచి చేయుదానితో సమానమైనదనియు వైద్యలోకము చాలకాలము నమ్మెను. 631 మంది స్త్రీలపై జరిగిన పరీక్షయొక్క ఫలితములు 2018లో వెలువడెను. నాలుగున్నర యేండ్లకు వ్యాధి తిరుగఁబెట్టక జీవించియున్నవారు తెఱచి చేసిన వర్గమున నూటికి 96.5, చిన్నరంధ్రముల వర్గమున 86. ఈ రెండవ వర్గమున రోబోటుతో చేసినవారును గలరు. చిన్న గాయము పెద్ద మేలగునని యూహించుట యెంత ప్రమాదమో అప్పుడు తెలిసినది. 2019 ఫిబ్రవరిలో అమెరికా నియంత్రణశాఖవారు వైద్యులను, రోగులను హెచ్చరించిరి: క్యాన్సరు చికిత్సలలో రోబోటుయంత్రములను పరీక్షించినది ముఖ్యముగా నెలదినములలోపలి ఉపద్రవములను బట్టియే కాని, చిరకాల జీవనమును బట్టి కాదనిరి. ఊపిరితిత్తుల విషయమున అట్టి కీడు కనఁబడలేదు. ఐనను ఏ యవయవమున కా యవయవము వేఱుగా పరీక్షింపవలెనను పాఠము మనకు దక్కినది.

ఇంతమాత్రమున రోబోటును నిందించుట మా యభిమతము కాదు. ఎముకలను ఎడముచేసి ఱొమ్ము తెఱచినచో గాయపు నొప్పి కొందఱికి నెలల తరఁబడి యుండును. చిన్నరంధ్రముల మార్గములలో ఆ బాధ తక్కువ, ఆసుపత్రివాసము తక్కువ, పనిపాటులకు మరలుట త్వరితము. వృద్ధులకును, శ్వాసబలము తగ్గినవారికిని ఇది సామాన్యమైన మేలు కాదు. ఐతే ఈ మేలులో అధికభాగము కెమేరామార్గమునను లభించును. రోబోటుతో మొదలుపెట్టిన చికిత్సలలోను, పైని చెప్పిన రెండు లెక్కలలో, నూటికి ఎనిమిది తొమ్మిదింట నడుమ ఱొమ్ము తెఱవవలసి వచ్చినది. అట్టి సమయమున రక్షించునది తెఱచి చేయనేర్చిన చేయి. మొదట చెప్పిన హస్తప్రధానన్యాయ మిదియే. కావున ఆసుపత్రిలో "మీకడ రోబోటు గలదా?" యని యడుగుటకంటె, "ఈ ఖండచ్ఛేదనమును తాము ఏఁటికి ఎన్ని చేయుచున్నారు? గ్రంథులను పూర్తిగా తీయుదురా?" యని వినయముగా నడుగుట మేలు.

మఱి ఆయుర్దాయమును నిజముగా పెంచునవి ఏవి? మూఁడు చెప్పెదము.

మొదటిది శీఘ్రనిర్ణయము. పై లెక్కలన్నియు దశ ముందు, యంత్రము వెనుక యని చాటుచున్నవి. మన దేశమున ఈ వ్యాధి పెక్కుమందికి మూఁడవ, నాల్గవ దశలలోనే బయటపడుచున్నది. నాల్గవ దశలో శస్త్రమునకు చోటే యరుదు. ఆలస్యమునకు ఒక ముఖ్యకారణము క్షయవ్యాధి. దగ్గు, జ్వరము, కఫమున రక్తము, బరువు తగ్గుట రెంటికిని సామాన్యలక్షణములు. ఛాయాచిత్రమున మచ్చ కనఁబడఁగానే క్షయయని తలఁచి నెలలకొలఁది మందులు మ్రింగుట కలదు. కఫపరీక్షలో క్షయ ఋజువు కానప్పుడు గాని, మందులకు మచ్చ తగ్గనప్పుడు గాని, సీటీ పరీక్షయు, ముక్క తీసి పరీక్షించుటయు జాగు చేయరాదు. పొగ త్రావనివారికిని, స్త్రీలకును ఈ వ్యాధి వచ్చునని యెఱుఁగవలెను. చిరకాలము మిక్కుటముగా పొగత్రావినవారి విషయమున, అమెరికాలో 53,454 మందిపై జరిపిన పరీక్షలో, స్వల్పకిరణ సీటీ పరీక్షలచేత ఈ వ్యాధివలని మరణములు నూటికి 20 వంతున తగ్గినవని 2011లో ప్రకటించిరి. క్షయపుమచ్చలు ఎక్కువగానున్న మన దేశమున ఆ పరీక్షను వైద్యుని సలహాతోనే చేయించుకొనవలెను.

రెండవది శస్త్రానంతరచికిత్స. తీసిన ఖండమును పరీక్షించి, కణములలో ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువునందు మార్పు గలదేమో చూచుదురు. అట్టి మార్పు గల 682 మందిపై జరిగిన పరీక్షలో, శస్త్రము పిమ్మట మూఁడేండ్లు ఒసిమెర్టినిబ్ అను మాత్ర నిచ్చినచో ఐదేండ్లు జీవించినవారు నూటికి 88, ఉత్తుత్తి మాత్ర నిచ్చిన వర్గమున 78 అని 2023లో తేలినది. శస్త్రము జరిగినది, ఇఁక చాలునని యూరకుండుట తగదు. మొదటి రెండు మూఁడేండ్లు ఆఱునెలల కొకమాఱును, అటుపిమ్మట ఏఁటేఁటను సీటీ పరీక్ష చేయించుకొనుట వైద్యులు చెప్పు క్రమము. పలుమాఱు పల్లెనుండి పట్టణమునకు పోవు ఖర్చునకు జంకి ఈ క్రమము తప్పినవారికి, వ్యాధి తిరుగఁబెట్టినను సకాలమున తెలియదు.

మూఁడవది పొగత్రావుట మానుట. రోగము వచ్చినపిమ్మట మానిన నేమి, మానకున్న నేమి యని పెద్దలు అనుచుందురు. రష్యాదేశమున, నాల్గవ దశకు చేరకమున్నే వ్యాధి తెలిసిన 517 మంది పొగత్రావువారిని యేండ్లతరఁబడి గమనించి, 2021లో ప్రకటించిన ఫలితము వినుఁడు. వ్యాధి తెలిసినపిమ్మట మానినవారి జీవితకాలము నడిమి లెక్కన 6.6 సంవత్సరములు, మాననివారిది 4.8. అనఁగా సుమారు 22 నెలల భేదము. ఏ రోబోటు నింతవఱకు ఇంతటి యాయుర్వృద్ధిని చూపలేదు. దీనికి కాసు ఖర్చు లేదు.

సోదరులారా! ఈ లెక్కలను బట్టి మన సంఘము చేయఁదగిన పనులను మనవి చేసి ముగింతుము. వ్యాధి సోఁకిన కుటుంబమువారు ముందుగా దశ నిర్ణయింపించుకొని, సాధ్యమైనచో క్యాన్సరువైద్యమునకే వెలసిన సంస్థలో రెండవ యభిప్రాయము తీసికొనవలెను. హైదరాబాదునందు ప్రభుత్వమువారి ఎం. ఎన్. జె. క్యాన్సరు వైద్యాలయమును, విశాఖపట్టణముకడ టాటా స్మారకకేంద్రమువారి హోమీభాభా వైద్యాలయమును గలవు. ఆరోగ్యబీమా గలవారు తమ బీమాపత్రమున రోబోటు చికిత్సకు ఎంత పరిమితి యున్నదో ముందే చూచుకొనవలెను. రోబోటు మార్గము చేతికందునదై, వైద్యుఁడు అనుభవజ్ఞుఁడైనచో నిశ్చింతగా చేయించుకొనవచ్చును. అంద నప్పుడు, కెమేరామార్గముననో ఱొమ్ము తెఱచియో చేయించినందులకు తండ్రికి ద్రోహము చేసితిమని యే కొడుకును కుములనక్కఱలేదు. ఆ చింతతో ఉన్న రెండెకరములు అమ్ముకొని, తరువాత మందులకును రాకపోకలకును చేతిలో పైకము లేకుండ చేసికొనుట యవివేకము.

పోషకమహాశయులకు మా విన్నపము. వైద్యసహాయనిధినుండి ఈ వ్యాధికై యిచ్చు ద్రవ్యమును యంత్రముపేరిట నొక్క కుటుంబమున కొక్కమాఱే పెద్దమొత్తముగా నిచ్చుటకంటె, నిర్ణయపరీక్షలకును, శస్త్రానంతరము ఐదేండ్లపాటు జరుగవలసిన పరీక్షల రాకపోకలకును, మాత్రల ఖర్చునకును విభజించి యిచ్చు నియమమును ఈ మహాసభ ఆలోచింపవలెను. ఆ ద్రవ్యము పదుగురి యాయువును పొడిగింపఁగలదు. మన విద్యార్థివసతిగృహములలో పొగాకు నిషేధమును కాగితముమీఁద గాక నిజముగా నమలుపఱుపవలెను. వివాహాదిశుభకార్యములలో తాంబూలపుఁబళ్ళెముప్రక్కన చుట్టలు, సిగరెట్లు పెట్టు మర్యాద యెచ్చట మిగిలియున్నను, దానిని ఈ యేఁటితో మాన్పుట పెద్దలచేతిలోని పని. పెద్దలు మానక పిల్లలకు చెప్పిన మాట నిలువదని బడిలో ముప్పదియేండ్లకు పైఁబడి చూచినవారము.

 మన కుటుంబములన్నియు ఆయురారోగ్యములతో వర్ధిల్లుఁ గాక!